యాడికని అడగని కొండ

ముందు నా పిరికితనం గురించి

గాలిమరల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య పామిడిలో మా ఇంటికి వచ్చారు. "సార్, అన్ని దేశాల మనుషుల్ని ఒకే కొండ మీద ఎట్ల నడిపించినారు? ఆ కిటుకేందో మాకూ చెప్పండి" అని అడిగారు. కాఫీ ఇచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపించాను. వాళ్లు పోయాక సిగ్గేసింది. చెప్పినవన్నీ ఒట్టి కబుర్లు. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, నేను భయపడుతూ నడిపించాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రతి పొద్దునా కడుపులో బండ పెట్టుకుని ఆఫీసుకు పోయాను. మనుషులు ఎనభై మీటర్ల పైకి ఎక్కే పని అది. ఎక్కినవాళ్లంతా సాయంత్రానికి దిగారని తెలిసేదాకా నాకు అన్నం సయించేది కాదు. మా ఆవిడ దీన్ని గ్యాస్ ట్రబుల్ అనుకుని ఏళ్ల తరబడి జీలకర్ర నీళ్లు తాగించింది.

మాది గుడ్డల అంగడి. నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని నాకు నేర్పింది ఒక్కటే. "కొట్లాడి పోయే గిరాకీ మళ్లా వస్తాడు రా. ఏమీ అనకుండా నవ్వుకుంటా పోయేటోన్ని చూసి భయపడు" అనేవాడు. తర్వాత ఎన్ని దేశాలు తిరిగినా నాకు ఇంతకంటే పెద్ద పాఠం ఎవరూ చెప్పలేదు. చెప్పినదాన్ని నేను పాటించానా అంటే, అదే ఈ కథ.

ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. నాకు గుర్తులేదు, మా ఆవిడకు గుర్తుంది, కావాలంటే ఆమెను అడగండి.

మనిషిని ఎట్లా చూసి తీసుకున్నానంటే

ఉద్యోగానికి వచ్చినవాణ్ణి నేను ఎక్కడైనా, మనీలాలో అయినా గుంతకల్లులో అయినా, ఒకే మాట అడిగేవాణ్ణి. చివరిసారి ఎప్పుడు భయపడ్డావు?

హైదరాబాదులో ఒకాయన వచ్చాడు. సర్టిఫికెట్ల కట్ట ఇటుక మందం ఉంది. "నాకు భయమనేది తెలీదు సార్" అన్నాడు. నమస్కారం పెట్టి పంపించేశాను. పై ఆఫీసు వాళ్లు నన్ను చీవాట్లు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. భయం లేనివాడు ఒక్కడే చావడు, తాడుకు కట్టిన ఇంకొకణ్ణి కూడా తీసుకుపోతాడు.

మనీలాలో రామొన్ దొరికాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ముఖాన చిరునవ్వు. నా ప్రశ్నకు ఇంకా పెద్దగా నవ్వి, "ఈ పొద్దున కూడా" అన్నాడు. "నా కూతురుకు బూట్ల లేసు గట్టిగా కట్టుకోవడం రాదు. నేను నడుముకు బెల్టు కట్టుకునేటప్పుడు రోజూ ఆ లేసే గుర్తొస్తుంది. రెండుసార్లు లాగి చూసుకుంటాను" అన్నాడు. అక్కడికక్కడే తీసుకున్నాను. రామొన్ భయపడేకొద్దీ నవ్వుతాడని నాకు అర్థం కావడానికి మాత్రం ఏడాది పట్టింది. అంతవరకూ వాడు నవ్వుతుంటే నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఎంత తెలివిలేనితనమో చూడండి.

ఓబులేసు వజ్రకరూరు పక్క పల్లెవాడు. మా అనంతపురం గాలిమరల కొండ కింద నాలుగెకరాల ఎర్ర నేల, చెనిక్కాయ, అదే వేరుశెనగ పంట. మూడేళ్లుగా విత్తనం కూడా తిరిగి రాలేదు. టవర్లు లేస్తున్నప్పుడు పనికోసం వచ్చి నిలబడ్డాడు. అతన్నీ అదే మాట అడిగాను.

"పొద్దున్నే లేచి వానమోడం ఉండాదా లేదా అని చూస్తాం గదా సార్, అప్పుడు రోజూ భయమే. వేరే భయం యాడిది?" అన్నాడు.

మొదట కాపలాకు పెట్టుకున్నాను. ఆరు నెలలకు పైకి ఎక్కే పనికి శిక్షణ ఇప్పించాను. వాడు ఒక బోల్టు బిగించి మళ్లీ వెనక్కి పోయి చూసుకునే రకం. అతని పెళ్లాం సుంకమ్మ మా మెస్సులో వంటకు చేరింది. మనీలా నుంచి ఈ కొండకు వచ్చిన రామొన్, ఓబులేసు ఒకే జట్టు. ఒకడికి తెలుగు రాదు, ఇంకొకడికి ఇంగ్లీషు రాదు, అయినా పైన పనిలో వాళ్లకు మాట తక్కువైన రోజు లేదు.

రెండు చోట్ల తిన్న దెబ్బలు

కెన్యాలో ఒక మెట్ట మీద పనిచేశాను. అక్కడ నా జట్టు పెద్ద, వయసులో నాకంటే పదేళ్లు పెద్దాయన, పొద్దున కలిస్తే ముందు నా ఇల్లు అడుగుతాడు, తర్వాత నా నిద్ర, తర్వాత వాన, తర్వాత పశువులు. నాకు పశువులెక్కడివి? పనికి ఆలస్యమవుతోందని ఒకరోజు మధ్యలోనే తుంచేసి, "పని సంగతి చెప్పు" అన్నాను. ఆయన ఏమీ లేదన్నాడు. ఆ మధ్యాహ్నం సామాను ఎత్తే తాడు తెగి, దిమ్మ కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి ఈ రోజు రాయగలుగుతున్నాను. తాడు నలిగిందని ఆయనకు ముందే తెలుసు. చెడ్డవార్త పలకరింపుల తర్వాతే చెబుతారట, నేను ఆ పలకరింపులనే కోసేశాను. ఆ తర్వాత పశువులు బాగున్నాయని చెప్పడం నేర్చుకున్నాను.

రెండో దెబ్బ డెన్మార్కులో. మా కంపెనీ భద్రతా అధికారి యెన్స్ ఆ దేశం వాడే. నాకు పై అధికారి. ఆరడుగుల పైన పొడుగు, ముఖంలో ఏమీ కనపడదు. అతని దగ్గర శిక్షణకు పోతే, పాతికేళ్ల అమ్మాయి పదిమందిలో లేచి "మీ లెక్క తప్పు, ఈ గాలిలో రెక్క ఎత్తకూడదు" అంది నాతో. చెవులు కాలిపోయాయి. ఆమె చెప్పిందే నిజం. సాయంత్రం యెన్స్ నన్ను పిలిచి, "మీ దగ్గర ఇలా ఎవరైనా చెప్తారా?" అని అడిగాడు. చెప్తారన్నాను. అబద్ధం. యెన్స్‌తో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. రెండోది ఖరీదైనది.

ఆ ప్రశ్న

యెన్స్ పెట్టిన నియమం చాలా చిన్నది. టవర్ వైపు కదిలే ఏ మనిషినైనా, కింద ఉన్నవాడు ఆపి అడగాలి. ఎక్కడికి? ఎవరితో? ఎప్పుడు దిగుతావు? జవాబు వైర్‌లెస్‌లో ఆఫీసుకు చెప్పాలి. దిగాక పేరు కొట్టేయాలి. అంతే. పెద్దవాడైనా చిన్నవాడైనా, రెండు నిమిషాల పనైనా సరే, అడగాల్సిందే.

కెన్యాలో ఇది నడిచింది, మనీలా పక్కనా నడిచింది. మా అనంతపురం కొండ మీదికి తెచ్చేసరికి చిక్కొచ్చి పడింది.

ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. మన దగ్గర బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే పోయిన పని చెడుతుంది, మనిషికి కీడు. అడిగించుకున్నవాడు వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. నా పదో తరగతి పరీక్షనాడు పక్కింటామె "యాడికప్పా?" అని నోరు జారింది. మా అమ్మ నన్ను రెక్క పట్టి ఇంట్లోకి లాగి కూర్చోబెట్టింది. బస్సు పోయింది. పరీక్షకు అరగంట ఆలస్యంగా పోయాను. ఆ పక్కింటామెతో మా అమ్మ మూడు నెలలు మాట్లాడలేదు.

మామూలు పనికే ఇట్లా ఉంటే, ఎనభై మీటర్లు ఎక్కేవాణ్ణి ఎవరు అడుగుతారు? మా కాపలాదారు హనుమంతు అయితే తొలకరి పడగానే వజ్రాల కోసం చేన్లంట వెదికే మనిషి. ఆ వెదికేవాళ్లలో ఒకరినొకరు ఎక్కడికని అడుక్కోవడం పాపం కింద లెక్క.

నియమం చదివి వినిపించిన రోజు అందరూ తలూపారు. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. హనుమంతు నవ్వాడు. నాయన చెప్పిన గిరాకీ నా ఎదురుగా నిలబడి ఉంది. యెన్స్ నా వైపు తిరిగి, "మీవాళ్లు ఇది చేస్తారా? ఏదైనా ఇబ్బంది ఉందా?" అని అడిగాడు.

ఏ ఇబ్బందీ లేదన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లు నన్ను నేను అడుక్కున్నాను. ఆ తెల్లాయన ముందు మావాళ్లను శకునాలు పట్టుకుని వేలాడే మనుషులుగా నిలబెట్టడం ఇష్టం లేకపోయింది. మావాళ్లను అని రాశాను గానీ, నన్ను అనాలి. నేనూ అడగలేను. రెండేళ్లపాటు కింద ఎవరూ ఎవరినీ అడగలేదు. చూసినవాళ్లు చూసినట్టు పేర్లు రాశారు, దిగాక కొట్టేశారు. పుస్తకం ముచ్చటగా ఉండేది. అది చూసినప్పుడల్లా భయమేసేది, అయినా సంతకం పెట్టేవాణ్ణి.

ఆషాఢం గాలి

పద్నాలుగో టవర్‌లో మరమ్మతు. ఆషాఢమాసం గాలి. కొండ మీద నిలబడితే పంచె నిలవదు. యెన్స్ ఆ వారం మా దగ్గరే ఉన్నాడు.

పైన పనిచేసే ప్రతివాడూ తన పేరు రాసిన ఎర్ర తాళం కింద స్విచ్చుకు వేసి ఎక్కుతాడు. ఒక్క తాళం ఉన్నా మర తిరగదు. రామొన్ జట్టు నలుగురూ పని ముగించి దిగారు. నాలుగు తాళాలూ తీశారు. రామొన్ వైర్‌లెస్‌లో టవర్ ఖాళీ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అది నిజమే.

జీపు ఎక్కబోతూ ఓబులేసు ఆగాడు. టవర్ కొసన మర ఉండే పెట్టె పైకప్పు మూతకు గడియ పెట్టానా లేదా అని అనుమానం. గాలికి మూత లేస్తే వాన లోపల పడుతుంది. "మీరు పదండి, నేను బండి మీద వస్తా" అని చేత్తో సైగ చేశాడు. అతని మోటారు సైకిల్ టవర్ వెనకాల ఉంటుంది. రామొన్ వాళ్లు మెస్సుకు పోయారు. ఓబులేసు టవర్ వైపు నడిచాడు. రెండు నిమిషాల పనికి తాళమెందుకని తాళం వేయలేదు. హనుమంతు చూశాడు. బండికోసం పోతున్నాడనుకున్నాడు. అడగలేదు.

నేను ఆఫీసులో ఉన్నాను. మర నడిపించే ముందు వైర్‌లెస్‌లో హనుమంతును పిలిచాను.

"కింద అంతా సరేనా హనుమంతూ?"

"సరే సార్."

గమనించారా? ఎవరు ఎక్కడ ఉన్నారని నేనూ అడగలేదు. సరేనా అని అడిగితే సరే అనే వస్తుంది. బటన్ నొక్కాను. కిటికీలోంచి రెక్కలు మెల్లగా కదలడం చూశాను. యెన్స్ కాఫీ తాగుతున్నాడు.

ఇరవై నిమిషాలు గడిచి ఉంటాయి. తలుపు తోసుకుని సుంకమ్మ వచ్చింది. ఆమె ఎన్నడూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. చేతిలో పళ్లెం, పళ్లెంలో సంగటి ముద్ద. చేతులకు పిండి అట్లాగే ఉంది.

"సార్, మా ఆయన యాడ ఉండాడు?"

"మెస్సులో ఉంటాడు గదమ్మా" అన్నాను.

"లేడు. మనిషికొక ముద్ద చేస్తా నేను. అందరూ తినేసినారు. ఒక ముద్ద మిగిలింది సార్. యాడ ఉండాడు?"

నేను కిటికీలోంచి చూశాను. పద్నాలుగో టవర్ రెక్కలు జోరుగా తిరుగుతున్నాయి. ఓబులేసుకు ఫోన్ చేశాను. మెస్సు బయట జీపులో మోగింది. ఆ మోత మా గదిలోకి వినపడింది. సుంకమ్మ ఆ మోత వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. అప్పుడు ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాను.

అంత పెద్ద రెక్కలు కొట్టగానే నిలవవు. అవి నిలిచేలోపు నేను ఎన్ని దేవుళ్లకు మొక్కానో చెప్పలేను. ఇంతలో రామొన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు. ఎవరూ చెప్పకముందే వాడూ యెన్సూ జీపెక్కారు. నేనూ సుంకమ్మా వెనక ఎక్కాం. ఆమె పళ్లెం కింద పెట్టలేదు. ఏడవలేదు. టవర్ దగ్గరికి జీపులో పోతున్నంతసేపూ ఆ ముద్ద మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

టవర్ లోపల ఎక్కడానికి చిన్న లిఫ్టు ఉంది. అది పైన ఉంది. అంటే మనిషి పైనే ఉన్నాడు. రామొన్, యెన్స్ నిచ్చెన మీద ఎక్కారు. కింద మేము ముగ్గురం. హనుమంతు రాయి మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నేను టవర్ ఇనుపగోడకు చెవి ఆనించి విన్నాను. గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఆ పావుగంటలో నేను తెలుసుకున్నది ఒకటుంది. రెండేళ్లు నేను పడిన భయమంతా దొంగభయం. పని చెయ్యని భయం. జీలకర్ర నీళ్లు తాగించుకునే భయం. ఆ భయాన్ని నోటితో ఒక్కసారి యెన్స్‌కు చెప్పి ఉంటే అది అక్కరకొచ్చేది.

వైర్‌లెస్ గరగరలాడింది. యెన్స్ గొంతు. "బతికే ఉన్నాడు."

మర కదలగానే పైనున్న ఆ పెట్టె గాలివైపు తిరిగింది, గాలి మూతను లేపి ఓబులేసు కుడిచేతి మీద వేసింది. ఆ మూతను లేపడానికి ఇద్దరు కావాలి. ఆపే బటన్ అతనికి మూరెడు దూరంలో ఉంది. ఎడమ చెయ్యి అందలేదు. ఇరవై నిమిషాలకు పైగా, కాళ్ల కింద ఇరుసు తిరుగుతుంటే, దాన్ని చూస్తూ నిలబడ్డాడు. "అరిస్తే ఎవరికి వినిపిస్తాది సార్, అరవలే" అన్నాడు తర్వాత. రెండు వేళ్లు పోయాయి.

విచారణ

వారానికి బెంగుళూరు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నియమం ఉంది, కాపలాదారు అడగలేదు, కార్మికుడు తాళం వేయలేదు. ఇద్దరి నిర్లక్ష్యం అని రాసుకుని తెచ్చాడు. ఆ కాగితం మీద నా సంతకం పడితే ఓబులేసుకు ఉద్యోగం లేదు, వైద్యం ఖర్చు లేదు. నాలుగెకరాల ఎర్ర నేల, మూడు వేళ్ల చెయ్యి మిగులుతాయి.

ముందు రామొన్‌ను పిలిచారు. వాడు నవ్వుతూ జవాబు చెబుతుంటే బెంగుళూరు ఆయనకు మండింది. "ఇతనికి ఇది తమాషాగా ఉందా?" అన్నాడు. "అయ్యా, ఆ నవ్వు ఏడుపు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. యెన్స్‌కు అర్థమైంది.

తర్వాత హనుమంతు. "ఎందుకు అడగలేదయ్యా?" అంటే, చేతులు కట్టుకుని, "పోయేటోన్ని యాడికని ఎట్లడుగుతాం సార్? వానికేమన్నా అయితే?" అన్నాడు.

నేను దాన్ని ఇంగ్లీషులోకి చెప్పాను. యెన్స్ నా వైపు తిరిగాడు.

"ఇది నీకు తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. పల్లెవాళ్ల మూఢనమ్మకం, పట్నం ఇంజనీరుకు తెలియలేదు. అందరూ నమ్మేవాళ్లు. నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు. సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. నిజంగా చెబుతున్నాను, ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. బయట వరండాలో సుంకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె నన్ను చూడలేదు, నేను ఆమెను చూశాను.

"తెలుసు. నేను పుట్టినప్పటినుంచీ తెలుసు."

"రెండేళ్ల కింద నిన్ను అడిగాను."

"అడిగారు."

"ఇబ్బంది లేదన్నావు."

"అన్నాను. మీ ముందు చిన్నబోతానని భయపడి అన్నాను."

యెన్స్ బెంగుళూరు ఆయన వైపు చెయ్యి చాపాడు. ఆ కాగితం తీసుకుని కొట్టేసి, తప్పు ఆ నియమం పెట్టిన ఇద్దరిది అని రాశాడు. అతని పేరూ రాశాడు, నా పేరూ రాశాడు. నాకు ఆ ఏడు జీతం పెరగలేదు. వారం రోజులు అతను నాతో మాట్లాడలేదు. ఆ రెండూ న్యాయమే. ఓబులేసు ఉద్యోగం నిలిచింది.

చిన్నవాళ్లకు ఇక్కడ ఒక్క మాట. పరదేశపువాళ్ల అలవాట్లు నేర్చుకోవడానికి పుస్తకాలున్నాయి. మీ సొంతవాళ్ల అలవాటును సిగ్గుపడకుండా బయటపెట్టడం ఏ పుస్తకంలోనూ లేదు. అది మీ నోటితోనే రావాలి.

సుంకమ్మ చెంబు

అడగనివాణ్ణి పనిలోంచి తీసేద్దామన్నాడు యెన్స్. "అయితే కొండకు తాళం వేసుకోవాల్సిందే" అన్నాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అందరినీ మెస్సు ముందు కూర్చోబెట్టి, నియమం కాదు, నా భయం ఏమిటో చెప్పాను. మీ భయం మీరు చెప్పండన్నాను. ఓబులేసు లేచాడు. చేతికి ఇంకా కట్టు ఉంది.

"నేను అడుగుతా సార్. గేటుకాడ నన్ను కూర్చోబెట్టండి. ఎవురు పోయినా నేనే అడుగుతా. పాపమో కీడో నా మీదికే రానీ."

సుంకమ్మ వంటగదిలోంచి బయటికి వచ్చింది. "రెండు వేళ్లు పోయినాయి చాల్లేదా? ఊరందరి ఉసురు నీకెందుకు?"

"నాకు కావాల్సింది అయిపోయింది లే. ఇంకేమవుతాది?"

"అట్లనాకు. నాకు భయమైతాది."

ఈసారి పోయేది వేళ్లు కావు, మనిషేనని ఆమె భయం. ఆమె లోపలికి పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాసేపటికి ఒక బిందె, ఒక రాగి చెంబు తెచ్చి గేటు పక్కన చప్టా మీద పెట్టింది.

"అడగనీ. అడిగినాక ప్రతి ఒక్కరూ ఈడ కూర్చోని, గుక్కెడు నీళ్లు తాగి పోవల్ల. కీడు అంటుకోకుండా పోతాది. తెల్లోడైనా సరే."

అంతే. యెన్స్ ఎన్నేళ్లు తలబద్దలు కొట్టుకున్నా రాని నియమం అది. మరుసటి రోజు పొద్దున ఓబులేసు గేటు దగ్గర పుస్తకం పట్టుకుని "యాడికన్నా?" అంటే, హనుమంతు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత జవాబు చెప్పి, కూర్చుని, నీళ్లు తాగి పోయాడు. రామొన్ తాగాడు. యెన్స్ ఆరడుగుల మనిషి ఆ చప్టా మీద మోకాళ్లు మడుచుకుని కూర్చుని తాగాడు. ఆ నీళ్లు తాగే నిమిషంలో బెల్టు సరిగా కట్టుకోలేదని గుర్తొచ్చి సవరించుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

నా భయం పోలేదు. అది పోయిందని రాస్తే నమ్మకండి.

చివరి రోజు

పదవీ విరమణ రోజు దండలు వేశారు, శాలువా కప్పారు, ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. మధ్యాహ్నం కారెక్కి గేటు దగ్గరికి వచ్చాను. అందరూ "పోయిరాండి సార్" అంటూ చేతులూపారు. ఓబులేసు మూడు వేళ్ల చెయ్యి అడ్డం పెట్టి కారు ఆపాడు.

"యాడికి సార్?"

వెనకాల ఎవరో నవ్వారు. వాడు నవ్వలేదు.

"పామిడికి, ఇంటికి."

"ఎవరితో?"

"ఒక్కన్నే."

"ఎన్నింటికి దిగుతారు?"

"ఐదుకల్లా."

కారు దిగి చప్టా మీద కూర్చున్నాను. సుంకమ్మ చెంబు అందించింది. నీళ్లు తాగాను. ఓబులేసు పుస్తకంలో నా పేరు రాసుకున్నాడు.

ఐదు కాకముందే ఇల్లు చేరాను. చుట్టాలు, పక్కింటివాళ్లు, కాఫీలు. శాలువా ఎంత ఖరీదుంటుందని ఒక చర్చ. ఆరున్నరకు ఫోన్ మోగింది.

"సార్, దిగినారా?"

ఓబులేసు. వెనక గాలి హోరు వినిపిస్తోంది. వాడి డ్యూటీ ఐదింటికే అయిపోతుంది.

"ఏమప్పా, ఇంకా ఇంటికి పోలేదా నువ్వు?"

"ఎట్ల పోతా సార్? అందరూ దిగినారు. మీదొక్కటే మిగిలింది."

ఇన్నేళ్లు ఇంకొకరు దిగారా అని కడుపు పట్టుకుని కూర్చున్నవాణ్ణి, నాకోసం ఒకడు అట్లా కూర్చుని ఉంటాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని నా ముఖం వైపు చూస్తోంది.

"చేరినా ఓబులేసూ. దిగినా."

"అయితే మీ పేరు కొట్టేస్తాండా సార్" అన్నాడు.